ఒడ్డాదిలో రెండో భాగం

దసరాకి ఊరెళ్లినప్పుడు మొదటి భాగం చూపించాను. సంక్రాంతికి రెండోది చూపిస్తానని మాటిచ్చాను. మా అన్నయ్య కూతురికి మాటివ్వడమంటే బ్యాంకులో లోను తీసుకోవడమే. మూడు నెలల్లో ఎన్నిసార్లు ఫోన్ చేసిందో అన్నిసార్లూ మొదటి ప్రశ్న అదే. "చిన్నాన్నా, నార్నియా టూ డౌన్‌లోడ్ చేసావా?"

అది ఐదో తరగతి. వాళ్లుండేది కూర్మన్నపాలెంలో. అన్నయ్యకి పరవాడలో ఫార్మా ఉద్యోగం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. అమ్మా నాన్నా మాత్రం వడ్డాదిలోనే. మేమందరం ఒకే కప్పు కింద పడుకునేది ఏడాది మొత్తమ్మీద ఈ పండగ నాలుగు రోజులే.

ఈసారి ఫోన్లో సినిమా తీసుకెళ్లాను. దాంతోపాటు ఇంకోటి కూడా మోసుకెళ్లాను. ఒక మాట. ఎనభై సెంట్ల చెరకు పొలం అమ్మేద్దామా అని నాన్న నెల కిందట అడిగాడు. బేరం వచ్చిందట. కనుమ వెళ్లగానే జవాబు చెప్పాలట. అన్నయ్య సరే అన్నాడు. నేను కూడా సరే అందామనే బయల్దేరాను.

గుంతలు గుర్తుపెట్టుకునే రోడ్డు

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారకముందే అనకాపల్లిలో దించేసింది. పండగకి ముందు రోజు ఆ ప్లాట్‌ఫాం చూడాలి. సగం మంది భుజాన ఆఫీసు బ్యాగులే. అందరం ఒకేసారి ఫోన్ తీసి "దిగిపోనాను" అని చెప్పేవాళ్లమే. రాత్రి సికింద్రాబాద్‌లో "దిగగానే కాల్ చేస్తా" అన్నవాడు కూడా అనకాపల్లిలో కాలు పెట్టేసరికి "దిగిపోనానే అమ్మా" అంటాడు. యాస దానంతటదే వచ్చేస్తుంది.

అనకాపల్లి నుంచి చోడవరం బస్సు. జనవరిలో ఈ దారికి ఒక వాసన ఉంటుంది. బెల్లం వండే వాసన. మంచులో ఏమీ కనపడకపోయినా పక్కన పొయ్యి వెలుగుతోందని ముక్కే చెప్పేస్తుంది. చోడవరం దాటాక మా రోడ్డు. పేరు బీఎన్ రోడ్డు. భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్తుంది కాబట్టి బీ, ఎన్. దాని గుంతల గురించి మా వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆటో అన్న ఏ గుంతకి ఎడమకి తిప్పాలో, ఏ గుంతకి కుడికి తిప్పాలో బైహార్ట్ చేసేశాడు. చీకట్లో కూడా తప్పడు.

వడ్డాది బుచ్చెయ్యపేట మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా మాది విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లా. పక్కన పెద్దేరు. కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. సెంటర్లో టీ కొట్లు, మొబైల్ షాపులు, ఎరువుల దుకాణాలు. చుట్టూ వరి, చెరకు. దూరంగా మాడుగుల వైపు నీలంగా తూర్పు కనుమలు. కారులో వెళ్తూ చూస్తే "ఇంకో ఊరు" అనిపించే ఊరే. ఫొటో తీసుకోవడానికి ఎవరూ ఆగరు.

కాగితం మీద వడ్డాది. నోటితో అయితే ఒడ్డాది. ఇక్కడ ఎవరినడిగినా ఒడ్డాదే అంటారు. అది మా యాసలో వచ్చిన తప్పనుకుని, ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో క్లాసులో పరిచయం చేసుకున్నప్పుడు జాగ్రత్తగా "వడ్డాది" అన్నాను. ఎవరు తప్పో తర్వాత చెప్తాను.

రాగిచెంబు థియేటర్

భోగి రాత్రి షో. ఫోన్ని టీవీకి కలిపే కేబుల్ హైదరాబాద్‌లోనే మర్చిపోయాను. అందుకని స్టూలు మీద రాగిచెంబు పెట్టి, దానికి ఫోన్ ఆనించాం. ఆరున్నర అంగుళాల స్క్రీను, ముగ్గురు ప్రేక్షకులు. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. సినిమా ఇంగ్లీషులో నడుస్తుంటే నేను తెలుగులో చెప్పాలి. దుప్పటి కప్పుకుని నా కోడిపిల్ల ముందు వరస. అరిసెలు డబ్బాలో సర్దుతూ అమ్మ. మంచం మీద గోడవైపు తిరిగి నాన్న. అన్నయ్యా వదినా ఎదురింటి వాళ్లతో కబుర్లలో ఉన్నారు.

"రెండో భాగమేటి? మొన్న చూసింది అయిపోనేదా?" అంది అమ్మ.

"అది బాగా ఆడింది కదమ్మా. అందుకని దాంట్లోంచే ఇంకోటి తీసారు."

గోడవైపు నుంచి నాన్న గొంతు వచ్చింది. "కార్శి తోటలాగన్నమాట."

చెరకు తెలియని వాళ్ల కోసం చిన్న వివరం. మొదటిసారి ముచ్చెలు నాటి పెంచిన చెరకుని మొక్కతోట అంటారు. దాన్ని నరికాక మొదళ్లు అలా వదిలేస్తే వాటినుంచి మళ్లీ పిలకలు లేస్తాయి. అదే కార్శి. మళ్లీ విత్తనం కొనక్కర్లేదు, నాటక్కర్లేదు. కానీ మొక్కతోటంత దిగుబడి సాధారణంగా రాదు. సీక్వెల్‌కి ఇంతకంటే మంచి డెఫినిషన్ నేను ఎక్కడా వినలేదు. లెక్క కూడా సరిపోయింది. సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన ఏడు నార్నియా పుస్తకాల్లోంచి 2005లో వచ్చిన మొదటి సినిమా ప్రపంచమంతా కలిపి 74 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. 2008లో వచ్చిన రెండోది, 'ప్రిన్స్ కాస్పియన్', దాదాపు 42 కోట్ల దగ్గర ఆగింది. ఆ తర్వాత డిస్నీ తప్పుకుంది. మూడోది 2010లో ఫాక్స్‌తో కలిసి వచ్చింది. అదే కార్శి దిగుబడి.

కథ తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో. మొదటి భాగంలో ఇంగ్లండ్ పిల్లలు నలుగురు ఒక బీరువాలోంచి నార్నియా అనే మాయలోకంలోకి వెళ్లి, అక్కడ రాజులూ రాణులూ అయి, మళ్లీ పిల్లలుగా ఇంటికొచ్చేస్తారు. రెండో భాగం మొదలయ్యేసరికి ఇంగ్లండ్‌లో గడిచింది ఒక్క ఏడాది. నార్నియాలో 1300 ఏళ్లు. ఈలోపు టెల్మరీన్లనే బయటివాళ్లు వచ్చి రాజ్యం లాక్కున్నారు. వాళ్లలో మళ్లీ గొడవ. కాస్పియన్ అనే యువరాజుని చంపేసి సింహాసనం తన కొడుక్కి ఇవ్వాలని మిరాజ్ చూస్తాడు.

"ఈ గడ్డపోడెవడు?" అంది అమ్మ.

"మిరాజ్ అని. ఆ కుర్రాడికి పినతండ్రి. వాళ్ల నాన్నని కూడా ఇతనే చంపాడు."

"ఆస్తి కోసమేనా?"

"రాజ్యం కోసం."

"రాజ్యమైనా ఎకరమైనా ఒకటే. మనూర్లో లేవేటి!" అని అరిసె తుంపి నోట్లో పెట్టుకుంది. అక్కణ్ణుంచి అమ్మకి నా డబ్బింగ్ అవసరం లేకపోయింది. భాష రాకపోయినా ఎవరు ఎవరి వాటా తినేస్తున్నారో అర్థమైపోయింది.

నలుగురు పిల్లలూ లండన్ మెట్రో స్టేషన్లోంచి మాయమై ఒక సముద్రపు ఒడ్డున తేలతారు. నీళ్లలో ఆడుకుని, పైకి ఎక్కి, ఒక శిథిలం చూస్తారు. విరిగిన గోడలు, పెరిగిన చెట్లు. ఎవరు ఉండేవారో ఇక్కడ అనుకుంటూ తిరుగుతారు. కాసేపటికి ఒక్కొక్కటీ గుర్తుకొస్తుంది. ఇది తమ కోటే. ఆ నాలుగు సింహాసనాలూ తమవే.

పిల్ల ఫోన్ని పాజ్ చేసింది. "వాళ్ల ఇల్లు వాళ్లకే తెలీలేదేటి చిన్నాన్నా?"

"చాలా ఏళ్లయింది కదా."

"అయితే మాత్రం! ఇల్లు కదా?"

ప్లే నొక్కింది. నేను ఒక రెండు డైలాగులు అనువాదం మర్చిపోయాను.

కొంచెం తర్వాత ఒక ఎలుగుబంటి వస్తుంది. మొదటి భాగంలో జంతువులన్నీ మాట్లాడతాయి కాబట్టి లూసీ దాన్ని పలకరిస్తుంది. అది మాట్లాడదు, మీద పడుతుంది. పక్కనున్న మరుగుజ్జు మనిషి చెప్పేదేంటంటే, నిన్ను చాలాకాలం మూగజీవంలాగే చూస్తే చివరికి నువ్వు అదే అయిపోతావు. పిల్లల సినిమాలో పెద్దవాళ్లకి తగిలే మాట అది. "వడ్డాది" అని జాగ్రత్తగా పలికిన ఆ మొదటి రోజు క్లాసు గుర్తొచ్చింది.

చివర్లో యుద్ధం. బెరూనా అనే చోట శత్రువులు నది మీద కొత్తగా కట్టిన చెక్క వంతెన. నది మనిషి ఆకారంలో లేచి నిలబడి ఆ వంతెనని రెండు చేతులా పీకేస్తుంది. ఆ సీను స్లొవేనియాలో సోచా అనే నది దగ్గర తీశారు. కానీ మా ఇంట్లో అది పెద్దేరే. నాన్న ఇటు తిరిగాడు, లేచి కూర్చున్నాడు. మా రోడ్డులో వంతెనలు పాతవి. తుపాను పడితే చాలు, హైదరాబాద్ నుంచి నేను చేసే మొదటి ఫోన్‌లో మొదటి ప్రశ్న, "ఏరెలా ఉంది? వంతెన మీద తోలుతున్నారా?" అందుకే గ్రాఫిక్స్ అని ఎవరూ అనలేదు. "ఏరు పొంగితే అంతే మరి" అన్నాడు నాన్న.

సినిమా ముగింపు మాత్రం పండగ రాత్రికి తగినది కాదు. గెలిచాక, నలుగురిలో పెద్దవాళ్లిద్దరికీ, పీటర్‌కీ సూసన్‌కీ, ఒక మాట చెప్తారు. మీరిక ఇక్కడికి రారు. ఇక్కడ నేర్చుకోవలసింది నేర్చేసుకున్నారు. చిన్నవాళ్లిద్దరే మళ్లీ వస్తారు.

"ఎందుకు రాకూడదు?"

"పెద్దోళ్లయిపోయారు కదా."

దుప్పట్లోంచి తల బయటపెట్టి నన్ను పైనుంచి కిందకి చూసింది. "నువ్వూ పెద్దోడివైపోయావు. మరి నువ్వొచ్చావు కదా?"

అమ్మ డబ్బా మూత గట్టిగా వేసింది. నాన్న మళ్లీ గోడవైపు తిరిగాడు. పొలం సంగతి ఆ గదిలో తెలియనిది దానికొక్కదానికే.

చేపకి పుట్టిన రాజు

నిద్ర రాక అడిగింది. "మనూర్లో కోట లేదా?"

ఉండేది అన్నాను. అబద్ధం కాదు. ఒక రాత్రి ఆఫీసులో డిప్లాయ్‌మెంట్ పూర్తయ్యేదాకా మేలుకుని ఉండాల్సి వచ్చి, ఊరికే ఊరి పేరు సెర్చ్ చేశాను. షాపు నంబర్లూ పిన్‌కోడూ వస్తాయనుకున్నాను. రాజులు వచ్చారు.

మా మండలంలోనే దిబ్బిడి అనే ఊరుంది. అక్కడి అగ్రహారం పేరు మీద చరిత్రకారులకి తెలిసిన ఒక రాగిరేకుల శాసనం ఉంది. శక సంవత్సరం 1191, అంటే మన లెక్కలో 1269. మత్స్య వంశానికి చెందిన అర్జునుడనే పాలకుడు ఇచ్చిన దానశాసనం. వాళ్లు ఏలిన నేల పేరు అందులో ఒడ్డవాది. చూశారా, మొదటి అక్షరం 'ఒ'. ఏడున్నర వందల ఏళ్లుగా మా అమ్మా, టీకొట్టు బాబాయీ, ఆటో అన్నా కరెక్టుగానే పలుకుతున్నారు. తప్పు పలికింది ఇంజనీరింగ్ చదివిన నేను.

స్టూలు మీద ఉన్న రాగిచెంబు చూపించి, ఇదే లోహం, దీన్ని రేకుల్లా కొట్టి దానిమీద చెక్కేవారు అన్నాను. అది చెంబు మీద వేలితో రాసి చూసింది.

"ఏం రాసారు?"

వంశం ఎలా పుట్టిందో రాశారు. నారంగుడని ఒక ఋషి. తపస్సు చెడగొట్టడానికి మంజుఘోష అనే అప్సరస వచ్చింది. ఆయన శాపంతో ఆమె నదిలో చేపగా మారిపోయింది. ఆ చేపకి ఒక మగపిల్లాడు పుట్టాడు. పేరు సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతినిచ్చి పెళ్లి చేసి, ఈ ఒడ్డాది ప్రాంతానికి అతన్ని రాజుని చేశాడు. అందుకే అది మత్స్య వంశం. తర్వాత ఎవరి కొడుకు ఎవరో వరసగా పేర్లు.

"చేపకి మనిషెలా పుడతాడు?" అంది. బీరువాలోంచి ఇంకో లోకానికి వెళ్లడం గురించి దసరాలో ఒక్క ప్రశ్న కూడా అడగని పిల్ల ఇది.

"మరి కోటేమైంది?"

ఇక్కడ కొంచెం తటపటాయించాను. చెప్పాల్సిన పేరు అలాంటిది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ మీద దండెత్తి ఈ వైపుకి వచ్చాడు. 1516 నాటి ఆయన శాసనం సింహాచలం గుడిలో ఉంది. ఆయన 'ఆముక్తమాల్యద'లో ఆ దండయాత్రని పొగుడుతూ ఒక పద్యం ఉంది. దారిలో గెలిచినవీ కాల్చినవీ లెక్కపెడుతుంది. కాల్చి బూడిద చేసిన వాటిలో ఒడ్డాది ఒకటి.

లేచి కూర్చుంది. "రాయలా? తెనాలి రామకృష్ణ కథల్లో రాయలా? ఆయన మంచోడు కదా!"

"మంచోడే. కవి కూడా. యుద్ధంలో మనం అటువైపున్నాం."

కాసేపు ఆలోచించింది. "అయితే మనం నార్నియా వాళ్లమన్నమాట."

నేను ఇన్నేళ్లుగా ఆ పద్యం ఉన్న పుస్తకం పేరు పోటీ పరీక్షల బిట్లలో చదివాను. రాసినదెవరు, ఏ శతాబ్దం, పంచకావ్యాల్లో ఒకటా కాదా. దానిలో మా ఊరు తగలబడుతోందని మాత్రం ఏ బిట్ బ్యాంకూ చెప్పలేదు. అన్ని కథలూ గెలిచినవాళ్లే చెప్తారని కాదు. ఓడిపోయిన ఊళ్లోనే ఉండి గెలిచినవాళ్ల కథని మన కథే అనుకుని చదివేస్తాం. అది ఇంకా విచిత్రం.

టర్కిష్ డిలైట్ కాదు, మాడుగుల హల్వా

సంక్రాంతి మధ్యాహ్నం బైక్ మీద మాడుగుల వెళ్లాం. మొదటి భాగంలో ఎడ్మండ్ అనే పిల్లాడు మంత్రగత్తె ఇచ్చిన టర్కిష్ డిలైట్ అనే మిఠాయికి ఆశపడి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ ద్రోహం చేస్తాడు. దసరాలో చూసినప్పుడు, "అదేం మిఠాయి చిన్నాన్నా, అంత బావుంటాదా?" అని అడిగింది. మనకి మాడుగుల హల్వా ఉంది, దానికోసమైతే నేనూ చేస్తానేమో అన్నాను. ఆ హామీ కూడా గుర్తుపెట్టుకుంది.

గోధుమపాలు తీసి, నెయ్యీ పంచదారా పోసి, గంటలకొద్దీ తిప్పి చేసే హల్వా అది. వందేళ్లకు పైబడిన పేరు. వేలికి నెయ్యి అంటుతుంది, పంటికి అంటుకోదు. పొట్లం విప్పి కొండలకెదురుగా కూచుని తిన్నాం. అక్కడే మిగతా కథ చెప్పాను.

మాడుగుల జమీందార్లు తాము ఆ మత్స్య దేశపు రాజుల వంశమేనని చెప్పుకునేవారు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద వేసిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. చేప ఆకారంలో చెక్కిన సింహాసనం మీద వాళ్లకి పట్టాభిషేకం జరిగేదట. జెండా మీద చేప. సంతకం బదులు చేప బొమ్మ. వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లలో కొందరి చెవులకి చేప ఆకారం పోగులు.

"చేప సంతకమా!" అని అది మట్టిలో పుల్లతో గీసింది. ఒక గీత ఇటు, ఒక గీత అటు, తోక దగ్గర కలిసిపోయేలా. "ఇంతేనా? నేను కూడా రాజుని."

నేను సినిమా గురించే ఆలోచిస్తున్నాను. దాంట్లో ఆ సముద్రపు ఒడ్డు న్యూజిలాండ్‌లోది. నది స్లొవేనియాలోది. రెండు దేశాల నీళ్లు కలిపి ఒక లోకాన్ని కుట్టారు. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెసర్ 1951లో అచ్చేసిన పిల్లల కథని 2008లో సినిమా తీస్తే, దాన్ని ఒడ్డాదిలో రాగిచెంబుకి ఆనించి చూశాం. అంటే కథ ఎంత దూరమైనా వస్తుంది, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ చెప్తే. చేపకి పుట్టిన రాజు కథ మాత్రం దిబ్బిడి నుంచి పక్కూళ్లోని మా ఇంటికి రావడానికి ఒక సెర్చ్ ఇంజన్ కావలసి వచ్చింది. ఎవరూ రెండో భాగం తీయలేదు. అంత పెద్ద మాటెందుకు, మొదటి భాగమే మాకెవరూ చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు పొలం దగ్గర ఆపాను. రోడ్డు పక్కనే. అందుకే బేరం వచ్చింది. చెరకు నా తల దాటి ఉంది. ఇక్కడ ఏం ఉంది అని అడగలేదు పిల్ల. "ఇది మనదా?" అనే అడిగింది. అవునన్నాను. ఆ మాట పైకి అనడానికి నాకు కొంచెం టైం పట్టింది.

మోళ్లు నేలకి సమంగా

కనుమ సాయంత్రం అరుగు మీద కూచున్నాం. నాన్న, అన్నయ్య, నేను. మాటలు తక్కువ.

అన్నయ్యది న్యాయమే. కూర్మన్నపాలెంలో అద్దె పెరుగుతోంది. ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టాలి. నాన్నకి అరవై దాటాయి. కోతకి మనుషులు దొరకరు, దొరికినా కూలి మిగలనివ్వదు. ఈ లెక్క ఎక్సెల్ షీట్లో వేస్తే అమ్మెయ్యి అనే వస్తుంది. నేను రైల్లో వేసి చూశాను. అదే వచ్చింది.

"మరి ఏటి చెప్పమంటావు ఆయనకి?" అన్నాడు నాన్న నన్ను చూసి.

"ఇది నరికాక ఇంకో కార్శి వస్తుందా నాన్నా?"

కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న నా నోట్లోంచి వస్తుందని అనుకోలేదనుకుంటాను. "వస్తాది. ఇది మొక్కతోటే కదా. కానీ నరికినోడి చేతిలో ఉంటాది. నేలకి సమంగా కొట్టాలి. పైకి మోళ్లు వొగ్గేస్తే పిలకలు పైనుంచి లేస్తాయి, ఏళ్లు దిగవు, గాలికి పడిపోతాయి."

మళ్లీ తనే అన్నాడు. "మొదటి కోత బాగుంటేనే రెండోది."

నేను హీరోలా ఏమీ మాట్లాడలేదు. ఉద్యోగం మానేసి వ్యవసాయం చేస్తానని అనలేదు. చేయలేను. నాకు చెరకు కట్ట ఎత్తడం కూడా సరిగ్గా రాదు. ఒక్క ఏడాది ఆగుదాం అన్నాను. కోత కూలి నేను పంపిస్తాను, కోతకి వారం సెలవు పెట్టి వస్తాను అన్నాను. కారు కొందామని దాచిన డబ్బు అన్నయ్యకి అడ్వాన్స్‌కి ఇస్తానన్నాను. అన్నయ్య వెంటనే ఒప్పుకోలేదు. "వచ్చే ఏడు మళ్లీ ఇదే పంచాయితీ కదరా" అన్నాడు. అవును, ఇదే పంచాయితీ. అప్పుడు అమ్మేస్తామేమో కూడా. కానీ ఏం అమ్ముతున్నామో తెలిసి అమ్ముతాం. ఇప్పటిదాకా నాకది ఎనభై సెంట్లు, రోడ్డు సైడు, అంతే.

లోపల్నుంచి అమ్మ, "రాజ్యాల గొడవ తెమిలిందా? అన్నాలకి లేవండి" అంది. అన్నయ్యకి సినిమా సంగతి తెలీదు కాబట్టి ఎందుకు నవ్వామో అర్థం కాలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. అందుకని ముక్కనుమ పొద్దున్న బయల్దేరాను. వాకిట్లో ముందు రోజు వేసిన రథం ముగ్గు ఇంకా ఉంది. రథాన్ని లాగే తాడు గీత గుమ్మం ముందు నుంచి వీధిలోకి సాగి, పక్కింటి ముగ్గులో కలిసింది. రథం లోపల దేవుడుండాల్సిన చోట ఒక చేప. ఒక గీత ఇటు, ఒక గీత అటు. కన్ను పెట్టడం కూడా మర్చిపోలేదు.

"చిన్నాన్నా, మూడో భాగం ఉందా?"

"ఉంది. ఓడలో వెళ్తారు."

"నువ్వూ ఉంటావా, ఎడ్మండూ లూసీయేనా?"

"ఉగాదికి వస్తాను. కేబుల్ కూడా తెస్తాను."

బ్యాగు భుజాన వేసుకుని, చేప చెరిగిపోకుండా పక్కనుంచి అడుగేసి, చోడవరం ఆటో ఎక్కాను. "ఎక్కణ్ణుంచి బాబూ, ఎక్కడ దించమంటావు?" అని అడిగాడు ఆటో అన్న, నేను ఈ ఊరివాణ్ణని తెలియక.

"ఒడ్డాది నుంచే అన్నా" అన్నాను.